నన్నయ పేరులో ఉన్నది ‘నన్న’నా, ‘నన్ని’నా?

సందేహం: బెంగళూరులో ఉంటాం. మా బాబుకి నన్నయ అని పేరు పెట్టుకున్నాం. ఆఫీసులో కన్నడవాళ్లేమో అది ‘నన్న అయ్య’, అంటే ‘నా అయ్య’ అంటున్నారు. నిజమేనా అండీ?

సమాధానం: ముందుగా, ఈ రోజుల్లో ఆ పేరు పెట్టినందుకు చాలా సంతోషం. ఇక సందేహం సంగతికొస్తే, మీ స్నేహితులు చెప్పింది వినడానికి బాగానే ఉంది కానీ కాలం దగ్గర కుదరదు. ఇప్పటి కన్నడంలో ‘నన్న’ అంటే ‘నా’, నిజమే. కానీ పాత కన్నడంలో ఆ మాట ‘ఎన్న’. నన్నయ తర్వాతి వందేళ్లలో వచ్చిన బసవణ్ణ వచనాల్లో కూడా ‘ఎన్న’ అనే కనిపిస్తుంది. రాజరాజ నరేంద్రుడి కాలపు మనిషికి, అంటే 11వ శతాబ్దివాడికి, ‘నన్న’తో పేరెలా పెడతారు?

అయితే కన్నడంతో సంబంధం లేదనుకోకండి, ఉంది. పాత కన్నడంలో ‘నన్ని’ అంటే సత్యం. అప్పట్లో అది చాలా గౌరవమైన మాట, రాజులు బిరుదుగా పెట్టుకునేవారు. 10వ శతాబ్దిలో గంగ వంశపు రాజు రెండో బూతుగుడికి ‘నన్నియ గంగ’ అని బిరుదు. ఆయన తక్కోలం యుద్ధంలో పోరాడిన సంగతి చెక్కిన ఆతకూరు శాసనం మీ ఊళ్లోనే, కస్తూర్బా రోడ్డు మ్యూజియంలో ఉంది, వీలైతే బాబుని తీసుకెళ్లి చూపించండి. మన కుమారసంభవం కవి నన్నెచోడుడి పేరు మొదట్లో ఉన్నదీ ఈ మాటే అని నా అభిప్రాయం. తమిళంలో మంచిని ‘నన్మై’ అంటారు కదా, ‘నన్ని’ని కూడా ఆ కుదురులోనే చేర్చవచ్చు.

కాబట్టి నన్ని, అయ్య కలిసి నన్నయ అయిందనడమే నాకు సబబుగా తోస్తుంది: సత్యవంతుడైన అయ్య. తెలుగు పేరులో కన్నడ మాటేమిటని నొచ్చుకోనక్కర్లేదు. భారత రచనలో నన్నయకు సాయపడ్డ నారాయణభట్టు కన్నడంలోనూ కవిత్వం చెప్పగల పండితుడని 1053 నాటి నందంపూడి శాసనమే చెబుతోంది, రెండు భాషలూ అంత దగ్గరగా మెలిగిన కాలం అది.

ఇంకో మాట. స్కూలు రికార్డుల్లో ‘నన్నయ్య’ అని రాసేస్తారేమో, చూసుకోండి. పోతన్న పోతన అయినట్టే ఇక్కడా చివరి ఒత్తు పోయింది, ‘నన్నయ’ అనే రాయించండి.