నులిపురుగుల మాత్రలతో పేగు క్యాన్సర్ తగ్గుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఆక్సాలిప్లాటిన్, కేపెసిటాబిన్ అనే కీమో మందులు ఇస్తున్నారు. చన్నీళ్లు ముట్టుకుంటే వేళ్లలో సూదులు గుచ్చినట్లు ఉంటోందట. అమెరికాలో ఉన్న అన్నయ్య ఐవర్‌మెక్టిన్, కుక్కలకు వేసే ఫెన్‌బెండజోల్ అనే నులిపురుగుల మందుల వీడియోలు పంపుతున్నాడు. కీమో మాన్పించి అవి వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. కీమో మాన్పించడమూ వద్దు, డాక్టరుకు చెప్పకుండా రెండూ కలిపి వేయడమూ వద్దు. ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఆ రెండోదే.

ఫెన్‌బెండజోల్ మోజు ఓక్లహోమాకు చెందిన జో టిప్పెన్స్ కథతో పుట్టింది. ఆయనది ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ మాత్రలు మింగుతున్న రోజుల్లోనే పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) ప్రయోగంలోనూ ఉన్నారు. వీడియోలు చేసేవారికి ఆ ముక్క ఎందుకో గుర్తుండదు! ఈ రెండు మందుల వల్ల పేగు క్యాన్సర్ రోగుల ఆయుష్షు పెరిగిందని ఏ పెద్ద ప్రయోగమూ నిరూపించలేదు.

నా భయమంతా కాలేయం గురించే. ఫెన్‌బెండజోల్ వేసుకున్నవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. మీ నాన్నగారి కాలేయంలో ఇప్పటికే గడ్డలున్నాయి. రేపు రక్తపరీక్షలో కాలేయం దెబ్బను చూపే ఎస్‌జీపీటీ పెరిగితే, మాత్రల సంగతి తెలియని డాక్టరు అది కీమో వల్లే అనుకుని, పనిచేస్తున్న మందును ఆపేస్తారు. నా ఓపీలో ఒక పెద్దాయన బయటికి వెళ్లేదాకా ఆగి, ఆయన భార్య కొంగుముడి విప్పి పశువుల మందుల షాపు స్ట్రిప్పు నా బల్ల మీద పెట్టింది. అందులో సగం మాత్రలు ఖాళీ.

పాత మందులంటే నాకు చిన్నచూపేమీ లేదు. ఆపరేషన్ అయ్యాక, కణితిలో, కణాల పెరుగుదలను నడిపించే పీఐ3కే మార్గానికి చెందిన జన్యుమార్పు ఉన్నవారికి మూడేళ్లు రోజూ 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, క్యాన్సర్ తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గిందని 2025లో వెలువడిన స్కాండినేవియా ప్రయోగం చూపింది. అయితే అది వేరే అవయవాలకు పాకని దశలో. మీ నాన్నగారికి వర్తించదు.

ఆ సూదిపోట్లు ఆక్సాలిప్లాటిన్ లక్షణం. గోరువెచ్చని నీళ్లే వాడమనండి, ఫ్రిజ్‌లో చేయి పెట్టనివ్వకండి. తిమ్మిరి తగ్గకుండా నిలిచిపోతే ఆ ఒక్క మందును తగ్గించో ఆపో, మిగతాది కొనసాగించవచ్చు; డాక్టరుకు చెప్పండి. బయాప్సీ ముక్క మీద ఎంఎస్ఐ (కణితి డీఎన్ఏ తప్పులు సరిదిద్దుకోలేకపోతోందా అని చూసేది), రాస్, బీరాఫ్ అనే జన్యువుల పరీక్షలు చేశారా అని అడగండి. ఎంఎస్ఐ ఎక్కువగా ఉండేది ఈ దశలో ఇరవై మందిలో ఒకరికి. అలాంటివారికి మొదటే పెంబ్రోలిజుమాబ్ ఇస్తే సగం మందిలో వ్యాధి ముదరకుండా 16.5 నెలలైనా నిలిచింది, కీమోతో 8.2 నెలలే. మీ అన్నయ్య డబ్బు పంపదలిస్తే ఈ పరీక్షలకు పంపమనండి. కాలేయంలోని గడ్డలు కోసి తీయడానికి వీలవుతుందేమో కాలేయ సర్జన్‌కు స్కాన్ చూపించండి.

మాత్రలు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే, తర్వాతి రక్తపరీక్షకు ముందే స్ట్రిప్పు తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. తిడతారేమో, పడండి.