అమ్మ పొయ్యి వెలిగించడం మానేసింది

ప్రశ్న: నాన్నగారు పోయి ఐదు నెలలైంది. అమ్మకు 63 ఏళ్లు. కాకినాడలో ఒక్కతే ఉంటోంది, హైదరాబాద్‌లో నా దగ్గరికి రమ్మంటే ఇల్లు వదిలి రానంటుంది. వంట మానేసి బన్ను, టీతో పూట గడిపేస్తోంది. రాజమండ్రిలో ఉన్న తమ్ముడు క్యారియర్ కుదిర్చాడు, అదీ పనిమనిషికి ఇచ్చేస్తోంది. షుగర్ మాత్రలు మాత్రం వేసుకుంటోంది. ఎన్నడూ తప్పని దీపం కూడా మానేసి, ‘ఆయన్ని తీసుకుపోయాక ఆ దేవుడితో నాకేం పని’ అంటోంది. అది విని పెద్దమ్మ చెంపలు వేయించింది. ఏం చేయను?

జవాబు: అన్నిటికన్నా ముందు ఆ మాత్రల సంగతి చూడండి. మందుల చీటీ ఫొటో తెప్పించుకోండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి మనం తిన్నా తినకపోయినా రక్తంలో చక్కెరను దించుతాయి. మాత్ర వేసుకుని బన్నుతో సరిపెడితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, ఒక్కోసారి స్పృహ తప్పడం కూడా జరుగుతాయి. ఒళ్లు తేడాగా అనిపించగానే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ తాగాలి, తేరుకున్నాక ఏదైనా తినాలి. ఈ మాట కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించండి. మాత్రలు మీ అంతట మీరు ఆపించకండి. తిండి తగ్గిందని డాక్టరుకి చెబితే మోతాదు ఆయనే మారుస్తారు.

ఇక వంట. ఇన్నేళ్లు ఇంకొకరికి వడ్డించిన మనిషి ఊరి క్యారియర్ విప్పుకుని ఒక్కతే కూర్చుని తినడం తేలిక కాదు. దానికి తోడు చేతి కొలత. ఇద్దరికి పోసిన డబ్బాతోనే బియ్యం పోస్తుంది, సగం అన్నం మిగిలిపోతుంది, ఆ గిన్నె చూస్తే దుఃఖం. చాలా ఇళ్లల్లో వంట ఆగిపోయేది అక్కడే. ఈసారి వెళ్లినప్పుడు రెండు లీటర్ల చిన్న కుక్కరు, చిన్న కొలత గ్లాసు తీసుకెళ్లండి. పూటకి 75 గ్రాముల బియ్యం చాలు. పాత సామాను మాత్రం సర్దేయకండి. నాన్నగారి కంచం ఆవిడే తీసేదాకా గూట్లో ఉండనివ్వండి.

‘నీకోసం వండుకో అమ్మా’ అంటే పని జరగదు. ‘నాకు పంపు’ అనండి. కూరైతే పాడవుతుంది, నిలవ పచ్చడైతే పెద్ద పని. కందిపొడి అడగండి. నెల రోజులు నిలవుంటుంది, బస్సు పార్సిల్‌లో వచ్చేస్తుంది. గ్లాసు కందిపప్పు, పావు గ్లాసు పెసరపప్పు, ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, ఉప్పు. ఈ కొలతలు ఆవిడకి చెప్పడానికి కాదు, మీకోసమే రాస్తున్నాను. ముందు మీరే స్టవ్ దగ్గర నిలబడి వీడియో కాల్ చేయండి. మంట పెంచితే పప్పు పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, పొడి పచ్చివాసన వేస్తుంది. సన్నసెగ మీద కదుపుతూ పది పన్నెండు నిమిషాలు వేయించాలి. చల్లారకుండా మిక్సీ పడితే చెమ్మకి ఉండకట్టి, తొందరగా పాడవుతుంది. చెడగొట్టినా పర్వాలేదు లెండి, ‘నీకు చేతకాదు’ అని తిట్టడానికైనా ఆవిడ మూకుడు పొయ్యి మీద పెడుతుంది. మీకు పంపగా మిగిలింది ఆవిడ అన్నంలోకే వస్తుంది, నెయ్యి చుక్కతో.

ఫోన్‌లో ‘తిన్నావా’ అని అడగకండి. ‘ఆ, తిన్నాలే’ అనే జవాబే వస్తుంది. రాత్రి ఏడున్నరకి ఇద్దరూ కంచాలు పెట్టుకుని వీడియోలో కూర్చోండి, పావుగంట చాలు. తమ్ముడూ మీరూ వంతులు వేసుకోండి. మొదటి వారం హడావిడి చేసి, రెండో వారం మీటింగ్ ఉందని ఎగ్గొట్టేటట్లయితే అసలు మొదలుపెట్టకపోవడమే నయం.

దీపం విషయంలో పెద్దమ్మగారిని కాస్త ఆపండి. రామదాసు అంతటివాడు గోల్కొండ చెరసాలలో రాముణ్ణి పద్దులు చెప్పి మరీ నిలదీశాడు, ఆ నోటితోనే మన్నించమన్నాడు. అమ్మకి దేవుడి మీద కోపం వచ్చిందంటే ఆయనతో మాట ఇంకా తెగలేదన్నమాటే. మీరు వెళ్లిన రోజు దీపం మీరే పెట్టండి, రమ్మని పిలవకండి. వత్తులు, నూనె సీసా అందేచోట ఉంచి వచ్చేయండి. ఎప్పుడు వెలిగిస్తుందో ఆవిడ ఇష్టం. చాలా కుటుంబాల్లో ఏడాది దాకా పండగలు చేయరు. మీదీ అదే పద్ధతైతే పిండివంటలు లేకపోయినా సరే, పండగనాడు మీలో ఒకరు ఆ ఇంట్లో ఉండండి.

రెండు వారాలకు పైగా నిద్ర లేకపోవడం, ఒళ్లు తగ్గిపోవడం, స్నానం కూడా మానేయడం కనిపిస్తే పొడులు, దీపాలతో కాలం గడపకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ‘నేనూ పోతే బాగుండు’ అన్న మాట వినిపిస్తే ఆ రాత్రికే తమ్ముణ్ణి పంపండి, మాత్రల డబ్బా ఆవిడ చేతికి అందనివ్వకుండా ఏ పూట మాత్ర ఆ పూటకి తమ్ముడే ఇచ్చేలా చూడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆవిడ మాట్లాడనంటే మీరే చేసి, ఎలా కదిలించాలో అడగండి.