రో ఫ్లక్స్‌తో కట్ట దగ్గర మెట్టు: గ్రిడ్ సన్నం చేస్తే పోదు

మూసీ ప్రాజెక్టు కట్ట తెగితే వాడపల్లి దాకా నీళ్లు ఎట్ల పారుతయో చూసేందుకు మీరు రో ఫ్లక్స్‌తో (పక్కపక్క గడుల మధ్య ఎంత నీరు పారుతదో లెక్కగట్టే ఒక సూత్రం) కోడ్ రాసిన్రు. సరిగ్గ కట్ట ఉన్న చోటనే నీటి మట్టంలో చిన్న మెట్టు పడుతుంది. గ్రిడ్ (లెక్క గడులు) సన్నం చెయ్యాల్నా, ఎంట్రోపీ స్టేబుల్ పద్ధతికి (లెక్కలో లేని శక్తి పుట్టకుండ చూసేది) మారాల్నా అని కదా మీ ప్రశ్న. గ్రిడ్‌ను ముట్టుకోకండి.

మెట్టు అక్కడనే ఎందుకు పడ్తది? పొడి నేల మీదికి కట్ట తెగే లెక్కను రిట్టర్ 1892లోనే తేల్చిండు. తెగినంక కట్ట గీత దగ్గర లోతు మొదటి లోతులో 4/9 వంతు. 9 మీటర్ల నీళ్లుంటే అక్కడ 4 మీటర్లు. నీటి వేగం సెకనుకు దాదాపు 6.26 మీటర్లు, అల వేగమూ అంతే. అంటే అక్కడ ఒక ఐగెన్ విలువ (నీటి వేగంలోంచి అల వేగం తీస్తే వచ్చేది) సున్నా. రో ఫ్లక్స్‌కు డిసిపేషన్ (లెక్కలో తేడాలను అణిచే కృత్రిమ రాపిడి) వచ్చేదే ఐగెన్ విలువల పరిమాణం నుంచి, అది సున్నా అయిన చోట పట్టు వదిలేస్తది.

నమ్మకం కుదరకపోతే బర్గర్స్ సమీకరణంలో (ఫ్లక్స్ u²/2 ఉండే చిన్న నమూనా) ఎడమ −1, కుడి +1 పెట్టి నడపండి. రెండు దిక్కులా ఫ్లక్స్ 1/2, రో వేగం 0. విప్పారాల్సిన అల గోడ లెక్క నిలబడ్తది, గ్రిడ్ ఎంత సన్నం చేసినా కదలదు.

షాలో వాటర్ సమీకరణాలకు (మీ కోడ్ విప్పే నీటి ప్రవాహ సమీకరణాలు) ఎంట్రోపీగ తీసుకునేది మొత్తం శక్తినే. సాగర్ ఎడమ కాలువ డ్రాప్‌ల కింద నీళ్లు ఎగిసి సుళ్లు తిరిగే చోట శక్తి ఖర్చయితది. మీ మెట్టు దానికి తిరగేసింది. లోతైన నిదానపు నీళ్లు ఒక్క గీత దగ్గర తటాలున పలచబడి ఉరకాలంటే, లేని శక్తి పుట్టుకు రావాలె.

నేను పీజీ ప్రాజెక్టుల మిర్యాలగూడ దిక్కు కాలువ గండి మీద ఇదే పని చేసిన. మొదట హార్టెన్ ఎంట్రోపీ ఫిక్స్ (ఐగెన్ విలువ పరిమాణం ఎప్సిలాన్ అనే చిన్న హద్దు దగ్గర సున్నా కాకుండ పట్టే సవరణ) వాడిన. మెట్టు పోయింది గాని, గండి వెడల్పు మార్చినప్పుడల్లా ఎప్సిలాన్‌ను మళ్ల సవరించుడే. ఆ విసుగుతోనే టాడ్మోర్ 1987లో చూపిన దారి పట్టిన. ముందు శక్తిని పెంచని, తగ్గించని ఫ్లక్స్ కట్టుకోవాలె. ద్రవ్యరాశికి లోతుల సగటు × వేగాల సగటు. మొమెంటంకు దాన్నే మళ్ల వేగాల సగటుతో గుణించి, లోతు వర్గాల సగటును గురుత్వంలో సగంతో గుణించి కలపాలె. సగటు లోతు వర్గం కాదు, వర్గాల సగటు. ఇక్కడ చాలామంది జారుతరు. ఇది ఒక్కటే పెడితే షాక్ (మట్టం తటాలున ఎగిసే చోటు) దగ్గర ఊగుడు ఆగదు, కాబట్టి మీద డిసిపేషన్ వెయ్యాలె. అది లోతు, మొమెంటంల తేడా మీద కాకుండ ఎంట్రోపీ వేరియబుల్స్ (మొత్తం శక్తిని లోతు, మొమెంటంలతో అవకలిస్తే వచ్చేవి) తేడా మీద పడాలె. అప్పుడే శక్తి పెరగదని కాగితం మీద రుజువు నిలుస్తది.

ఆ రుజువు కూడా కాలాన్ని ముక్కలు చెయ్యనంత వరకే. ఫార్వర్డ్ ఆయిలర్‌తో (కాలంలో ఒక్కో అడుగు నేరుగ ముందుకేసే సులువు పద్ధతి) నడిపి పద్ధతిని తిట్టకండి. ప్రతి స్టెప్పుకు మొత్తం శక్తి గ్రాఫ్ గీసుకోండి, నాకు ఎక్కువ బగ్గులు దొరికింది దాంట్లనే.

ఈ ఒక్క కేసుకే అయితే ఎంట్రోపీ ఫిక్స్ చాలు, అంత కష్టం అక్కర్లేదు. దేనికి మారినా ఎండిన మూసీ ఇసుక మీద లోతు రుణాత్మకం కాకుండ ఎంట్రోపీ స్టెబిలిటీ కాపాడదు. దానికి లోతును సున్నా కిందికి పోనియ్యని లిమిటర్ వేరే పెట్టుకోవాల్సిందే.