కోరంగి మడలో ఉద్యోగానికి వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కాకినాడ దగ్గర కోరంగి అటవీ రేంజిలో సెక్షన్ ఆఫీసరుగా పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. తీరం కొత్తని కొంచెం టెన్షన్ పడుతున్నావట. ట్రైనింగులో నీకు టేకూ వెదురూ బాగానే చూపించి ఉంటారు. సముద్రపు పోటు నీళ్ళలో పెరిగే మడ అడవిలో మాత్రం చెట్టు కంటే ముందు నీళ్ళు చూడాలి. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది, విసుక్కోకు.

వెళ్ళగానే ఆటుపోట్ల పట్టిక ఒకటి సంపాదించు. ఊళ్ళో ముసలి పడవవాడెవరైనా దొరికితే అతన్ని వెంటపెట్టుకుని పాయలన్నీ తిరుగు. ఒకసారి నీళ్ళు ఎక్కే పోటు మీద, ఒకసారి దిగే పాటు మీద. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు ఎంతదాకా ఎక్కుతున్నాయో, అష్టమి రోజుల్లో ఎక్కడ ఆగిపోతున్నాయో పటం మీద గుర్తు పెట్టుకో. ఆఫీసులో ఉన్న పటాలు చూసి సరిపెట్టుకోకు. గోదావరి ఒండ్రు తెచ్చి పోసే చోట ఏటా పాయలు మారతాయి, పటం మారదు.

ఇక మొక్కలు. ఏటా టార్గెట్ వస్తుంది, ఇన్ని హెక్టార్లు నాటాలని. ఎక్కడ బోడి నేల కనిపిస్తే అక్కడ నాటేయాలనిపిస్తుంది. తొందరపడకు. అక్కడ మడ ఎందుకు లేదో ముందు తెలుసుకో. ఎప్పుడో చెట్లు కొట్టేసిన చోట మట్టి కుంగి పళ్ళెంలా గుంట పడుతుంది. పెద్ద పోటుకి ఎక్కిన నీళ్ళు అందులోంచి బయటికి పోలేవు. ఎండకి ఆవిరై ఉప్పు మిగులుతుంది. మళ్ళీ పోటు, మళ్ళీ ఉప్పు. తెల్లమడలాంటి మొండి చెట్టు కూడా అంత ఉప్పుని తట్టుకోలేదు. అలాంటి నేలలో నువ్వు ఎన్ని మొక్కలు పెట్టినా రిజిస్టర్లోనే బతుకుతాయి.

దానికి మందు కాలవ. పాయనుంచి ఒక పెద్ద కాలవ తవ్వి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు తీస్తారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది కాబట్టి ఆ పేరే పెట్టారు. గోదావరి, కృష్ణ మడల్లో అటవీ శాఖ, స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు ఈ పద్ధతిలోనే పాడుబడ్డ చోట్ల మళ్ళీ అడవి లేపారు. మొక్క పెట్టేది కాలవ గట్టు వాలులో, అడుగునా కాదు, మరీ పైనా కాదు. నీళ్ళు రోజూ తాకి పోవాలి, నిలవకూడదు. ఇక్కడ జనం మర్చిపోయేది ఒకటుంది: కాలవ రెండు మూడేళ్ళలో పూడుతుంది. తవ్వడానికి డబ్బులిచ్చినంత సులువుగా పూడిక తీయడానికి ఇవ్వరు. అందుకని మొదటి ఎస్టిమేట్‌లోనే పూడికతీత రాసెయ్యి. కొట్టేస్తే మళ్ళీ రాయి.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవికి నీ శాఖ ఉంది. గొడవంతా దాని అంచుల్లో ఉంటుంది. హద్దు బయట మడ ఉన్న నేల చాలాచోట్ల రెవెన్యూది, రికార్డుల్లో పోరంబోకు. ఎవరికి ఏ స్థలం కావాలన్నా ముందు కన్ను పడేది దాని మీదే, ప్రభుత్వ శాఖలతో సహా. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం మడ ఎక్కడున్నా అది సీఆర్‌జెడ్-1ఏ కిందికి, అంటే గట్టి రక్షణ ఉన్న తరగతిలోకి వస్తుంది. వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్లు బఫర్ కూడా ఉంటుంది. ఈ ముక్క తహసీల్దారు గారికి గొడవ వచ్చిన రోజున చెబితే పోట్లాటలా ఉంటుంది. ముందే వెళ్ళి, జాయింట్ సర్వే చేయించి, కాగితం మీద సంతకాలు పెట్టించుకో.

చెరువుల వాళ్ళ విషయంలో ఒక కిటుకు చెప్తాను. ఎవడూ నీ కళ్ళముందు గొడ్డలి పట్టుకుని రాడు. రొయ్యల చెరువు గట్టు కొంచెం జరిపి చిన్న పాయ మూతి మూసేస్తాడు. లోపల మడకి నీళ్ళు అందక చెట్లు నిలువునా ఎండుతాయి. అప్పుడు వచ్చి "ఇక్కడ ఏముందండీ, ఎండు కట్టెలేగా" అంటాడు. అందుకే చెట్లు లెక్కపెట్టే వాచర్ కంటే పాయల మూతులు చూసొచ్చే వాచర్ నీకు ఎక్కువ పనికొస్తాడు.

జనవరి నుంచి కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. వాటిని హేచరీకి, అంటే గుడ్లు కాపాడి పొదిగించే చోటికి మార్చాల్సొస్తే కొన్ని గంటల్లోపే మార్చు, గుడ్డు ఎలా ఉందో అలాగే, దొర్లించకుండా. వేడి ఎక్కువైతే అన్నీ ఆడపిల్లలే పుడతాయి, ఇంకా ఎక్కువైతే అసలు పిల్లలే కావు. పైన నీడ ఉండాలి. పిల్లలు బయటికి వచ్చాక ఆలస్యం చెయ్యకు. పెద్దవాళ్ళు వచ్చి ఫోటో దిగేదాకా వాటిని బేసిన్లో ఆపమంటారు. అది నీకు పెద్ద పరీక్ష. "చల్లటి పొద్దున్న వదిలేస్తాం సార్, మీరు ఆ టైముకి వస్తే బావుంటుంది" అని నవ్వుతూ చెప్పు. వెలుగు ఎటుంటే పిల్లలు అటు నడుస్తాయి, ఫ్లాష్‌లు కొట్టనివ్వకు.

ఒడ్డుకి చచ్చిన తాబేళ్ళు కొట్టుకొస్తే ఊరివాళ్ళ మీద అరవకు. తాబేలు గాలి పీల్చుకోడానికి పైకి రావాలి. సోనా బోటు (వల ఈడ్చే మరబోటు) వల గంటల తరబడి లాగితే లోపల ఇరుక్కుని ఊపిరాడక చస్తుంది. తాబేలు బయటపడేలా వలకి ఇనప చట్రం, దానికో తలుపు పెట్టే టెడ్ అనే పరికరం ఉంది. దాంట్లోంచి చేప కూడా పోతుందని బోటువాళ్ళ బాధ. అది ఒట్టి సాకు కాదు, కొంత పోతుంది. అది పెట్టట్లేదనే అమెరికా మన సముద్రపు రొయ్య కొనడం ఆపేసింది. ఈ మాట నువ్వు చెప్పే కంటే ఎగుమతి వ్యాపారి చేత చెప్పించు. మత్స్య శాఖ వాళ్ళని కలుపుకోకుండా బోట్ల జోలికి అసలు వెళ్ళకు.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది మరబోట్లకీ ఇంజన్ తగిలించిన పడవలకీ. తెప్ప మీద తెడ్డేసుకుని వెళ్ళేవాడికి లేదు. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలదే అని మన రాష్ట్ర 1994 సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఉంది. ఎవరి బోటు ఏదో చూడకుండా నీ మనిషి ఒక తెప్పవాణ్ణి ఆపాడంటే ఆ ఊళ్ళో నీకు సమాచారం ఇచ్చేవాడు ఇంకెవడూ ఉండడు. పాయ మూతి ఎవరు మూశారో నీకు చెప్పాల్సింది ఆ తెప్పవాళ్ళే మరి. మడ పోతే రొయ్యపిల్లా పీతా తగ్గుతాయని వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

రాతకోతల్లో ఒక పని తప్పకుండా చెయ్యి. పాయలు, కాలవలు, తవ్విన ఏడు, పూడిక తీసిన ఏడు, మూసేసిన చోట్లు, ఎవరితో ఏ ఒప్పందం అయిందో, అన్నీ ఒకే పుస్తకంలో రాసి పెట్టు. మూడేళ్ళకి నీకు ట్రాన్స్‌ఫర్ తప్పదు. వెళ్ళేటప్పుడు తర్వాత వచ్చేవాళ్ళని పడవెక్కించి, పుస్తకం చేతిలో పెట్టి, ఒక్క పోటు పూర్తయ్యేదాకా తిప్పు.

ఉంటాను,
పెదనాన్న