టాడ్ మిషన్ వెళ్లే ముందు

అమ్మలూ,

టెక్సస్‌లోని టాడ్ మిషన్ ఊళ్లో పాతకాలపు ఐరోపా వేషాలతో జరిగే రినైసాన్స్ ఫెయిర్‌కు మొదటిసారి వెళ్తున్నానని, ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సీరియల్ కూడా ఇప్పుడే మొదలుపెట్టానని రాశావు. రెండు పిచ్చిలూ ఒకేసారి పట్టాయన్నమాట. హ్యూస్టన్‌లో ఇన్నేళ్లుగా ఆ రెండింటితో కాపురం చేస్తున్న పెద్దమ్మను కాబట్టి చెబుతున్నాను.

ముందు బట్టల సంగతి. ఆ సంబరం అక్టోబరు, నవంబరు నెలల్లో, శని, ఆదివారాల్లో. అక్టోబరంటే చలి మొదలైనట్టే అనుకుని మొదటి ఏడు మఖమల్ గౌను వేసుకుని వెళ్లాను. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద కూలబడితే, సముద్రపు దొంగ వేషంలో ఉన్న ఒక పెద్దాయన తన టోపీతో గాలి విసిరాడు. నువ్వు నూలు గౌను వేసుకో. కాళ్లకు బూట్లు, దారులన్నీ మట్టే, వాన పడితే బురద. నడుముకు కత్తి కట్టుకునే సరదా ఉంటే దాన్ని ఒరలోంచి రాకుండా తాడుతో బిగించాలి, గేటు దగ్గరే చూస్తారు.

లోపల ఎవరైనా ‘అమ్మగారూ, ఏ రాజ్యం నుంచి విచ్చేశారు?’ అని అడిగితే సిగ్గుపడి నవ్వి ఊరుకోకు. ఏదో ఒకటి చెప్పు. నేను గోల్కొండ అంటాను, వజ్రాలు తెచ్చావా అని అడుగుతారు. పద్య నాటకాల్లో మన తాతయ్య వాళ్లు ‘వన్స్ మోర్’ అని అరిచేవారు చూడు, ఇక్కడ ‘హుజా’ అని అరవాలి. గుర్రాల మీద ఈటెల పోటీలో ఒక యోధుడి పక్షం పట్టి గొంతు పోయేలా కేకలెయ్యి. ఆట అయ్యాక టోపీ తిప్పుతారు, చిన్న నోట్లు దగ్గర ఉంచుకో.

ఇదంతా నిజం చరిత్రా అని అడగకు. అమెరికాలో ఈ సందడికి నాంది 1963లో, లాస్ ఏంజెలెస్‌లో, ఒక రేడియో కేంద్రానికి విరాళాల కోసం ఒక టీచరమ్మ, ఆమె భర్త పెట్టిన వేడుక. మన టాడ్ మిషన్‌ది 1974. అందరూ కొరుక్కుతినే ఆ టర్కీ కాలు ఉందే, ఆ పక్షి అసలు ఇంగ్లండుదే కాదు, అమెరికా నుంచి అక్కడికి వెళ్లింది. అయినా తిను. ఒకటి ఇద్దరికి సరిపోతుంది.

ఇక సీరియల్. పేర్లు గుర్తుండటం లేదని వాపోయావు. భారతంలో కపిధ్వజుడంటే అర్జునుడు, తాళధ్వజుడంటే భీష్ముడు అని మనకు తెలియదూ? అలాగే వంశాలను జెండా గుర్తులతో గుర్తుపెట్టుకో: తోడేలు స్టార్క్‌లది, సింహం లానిస్టర్లది. వీళ్ల వెనుక 15వ శతాబ్దపు ఇంగ్లండులో సింహాసనం కోసం కొట్టుకున్న యార్క్, లాంకాస్టర్ వంశాలున్నాయి, పేర్ల పోలిక వినిపిస్తూనే ఉంది కదా. కథలో ఉత్తరాన ఉన్న మంచు గోడ ఊహకు మూలం బ్రిటన్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ. దాని పొడవు 73 మైళ్లు. సీరియల్‌లో భాగాలూ 73. కావాలని చేసిందేమీ కాదులే, నాకే సరదాగా తోచింది.

రాత్రికి రెండు భాగాలు మించవద్దు. 2011 నుంచి 2019 దాకా మేము వారం వారం ఎదురుచూస్తూ చూశాం, ఆ మధ్యలో చేసుకున్న వాదనలే సగం రుచి. చివరి సీజన్‌లో కథ పరుగులు తీసింది, నాకింకా కోపమే. మీ అమ్మ హాల్లో ఉన్నప్పుడు మాత్రం పెట్టకు. ఎందుకో మొదటి భాగంలోనే తెలిసి ఉంటుంది.

నవంబరు రెండో శనివారం నేనూ వస్తాను. నీ కొలతలు పంపు, కుట్టు మిషను మీద నూలు బట్ట సిద్ధంగా ఉంది.

మీ పెద్దమ్మ