అమెరికాలో ఏ సిమ్ తీసుకోవాలి? ధర కంటే ముందు మీ గదిలో సిగ్నల్ చూడండి

ఆగస్టు దగ్గర పడుతోందంటే చాలు, ఒకే ప్రశ్న మీద ఫోన్ల మీద ఫోన్లు: "అన్నా, అక్కడికి వచ్చాక ఏ సిమ్ తీసుకోవాలి, ఏది చీప్?" ఫాల్ సెమిస్టర్‌కి వచ్చే పిల్లలే కాదు, హెచ్1బీ మీద వచ్చేవాళ్లు, కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఆరు నెలలు ఉండటానికి వచ్చే అమ్మానాన్నలు, అందరూ అడిగేది ఇదే. నేను అమెరికా వచ్చి పద్నాలుగేళ్లయింది, మూడు ఊళ్లు మారాను, మూడు పెద్ద నెట్‌వర్కులూ వాడాను. అయినా ఫలానాది తీసుకోమని పేరు చెప్పను. మా ఇంట్లో నాలుగు గీతలు చూపించే నెట్‌వర్క్ మీ గదిలో ఒక్క గీత కూడా చూపించకపోవచ్చు. మీరు పడుకునేది ఎక్కడ, చదువుకునేది ఎక్కడ, పనిచేసేది ఎక్కడ? ఆ మూడు చోట్లా సిగ్నల్ ఉన్న నెట్‌వర్కుల మధ్యే ధర పోల్చుకోవాలి. చాలామంది ముందు ధర చూసి డబ్బు కట్టేస్తారు, ఆ తర్వాత సిగ్నల్ కోసం ఇల్లంతా తిరుగుతారు.

నాకు జరిగింది చెప్తాను. మొదటి ఏడాది నేనున్నది ఒక ఇంటి బేస్‌మెంట్‌లో. ఎవరో బాగుందంటే, ఏడాది డబ్బు ఒకేసారి కట్టే ప్లాన్ తీసుకున్నాను, నెలకి లెక్కేస్తే చాలా తక్కువ పడింది. రోడ్డు మీద ఫోన్ బ్రహ్మాండంగా పనిచేసేది. మెట్లు దిగుతుంటే ఒక్కో గీత పోతూ వచ్చి, కింద తలుపు తీసేసరికి 'నో సర్వీస్' అని వచ్చేది. ఇంటర్న్‌షిప్ కోసం ఒక మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ వాయిస్ మెయిల్‌కి వెళ్లింది, ఆ సంగతి కూడా సాయంత్రం నేను పైకి వచ్చాకే తెలిసింది. తిరిగి చేసేసరికి ఆ అవకాశం వేరేవాళ్లకి ఇచ్చేశారు. మిగిలిన ఎనిమిది నెలల డబ్బు వెనక్కి రాలేదు. ఆ బాధ ఇంకా గుర్తుంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

దేశమంతా సొంత టవర్లతో నడిచే పెద్ద నెట్‌వర్కులు ఇక్కడ మూడు: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. ఒకప్పుడు స్ప్రింట్ కూడా ఉండేది, 2020లో టీ-మొబైల్‌లో కలిసిపోయింది. మీకు కనిపించే మిగతా చవక పేర్లు దాదాపుగా ఈ మూడింటి టవర్ల మీదే నడుస్తాయి. మింట్, మెట్రో అంటే టీ-మొబైల్ టవర్లు, క్రికెట్ అంటే ఏటీ అండ్ టీ, విజిబుల్ అంటే వెరైజన్. కాబట్టి ఏ పేరు విన్నా ముందు అడగాల్సింది "ఇది ఎవరి టవర్ మీద నడుస్తుంది?" అని. మీ గదిలో టీ-మొబైల్ అందకపోతే మింట్ కూడా అందదు, ధర ఎంత తగ్గించినా సరే.

కవరేజ్ మ్యాపుల్ని చూసి మోసపోకండి. అవి అబద్ధమని కాదు, వాటిలో చూపించేది వేరు. ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్‌లో అడ్రస్ కొడితే మూడు కంపెనీలనీ పక్కపక్కన చూడొచ్చు, మొదట అదే చూడమంటాను. కానీ అందులో కూడా మొబైల్ కవరేజ్ అంటే ఆరుబయట నిలబడితే ఎంత, కార్లో వెళ్తుంటే ఎంత అన్నదే. ఇంటి లోపల సంగతి అందులో ఉండదు. 600, 700 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ స్పీడ్ తక్కువ. మంచి 5జీ స్పీడ్ ఇచ్చేవి 2.5 గిగాహెర్ట్జ్, 3.7 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉండేవి, అవి ఇటుక గోడకీ కాంక్రీటుకీ త్వరగా నీరసించిపోతాయి. అందుకే వీధిలో 400 ఎంబీపీఎస్ వచ్చిన ఫోన్ బేస్‌మెంట్ ల్యాబ్‌లో ఒక మెసేజ్ పంపడానికి తంటాలు పడుతుంది.

మరి ఎలా తెలుసుకోవాలి? అన్‌లాక్ అయిన (ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడని), ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) ఉన్న ఫోన్ చేతిలో ఉంటే, పెద్ద కంపెనీలు యాప్ ద్వారా ఈ-సిమ్ మీద కొన్ని రోజులు ఉచిత ట్రయల్ ఇస్తుంటాయి. అది వేసుకుని మీ గది, కిచెన్, క్లాసు, పార్ట్‌టైమ్ పని చేసే చోటు, బస్సు దారి అన్నీ ఒక వారం తిరగండి. గీతలు నమ్మకండి, నంబర్ చూడండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ కింద సిమ్ స్టేటస్‌లో డీబీఎం అని సిగ్నల్ బలం చెప్పే అంకె ఉంటుంది, ఐఫోన్‌లో అయితే *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెరుచుకుంటుంది. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 90 చుట్టుపక్కల ఉంటే హాయిగా ఉంటుంది, మైనస్ 115 దాటితే ఫోన్ కాల్ మధ్యలో తెగిపోతుందని అనుకోవచ్చు. మంచం మీద పెట్టి ఒకసారి, చదువుకునే టేబుల్ మీద పెట్టి ఒకసారి చూసి రాసుకోండి. పది నిమిషాల పని. రూమ్మేట్ దగ్గర వేరే నెట్‌వర్క్ ఉంటే అతని ఫోన్ కూడా అక్కడే పెట్టి చూడండి, అంతకు మించిన పోలిక ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోన్ గురించి ఒక మాట. ఇక్కడ ముగ్గురూ 2022లో 3జీ ఆపేశారు, ఇప్పుడు కాల్స్ దాదాపు అన్నీ వోల్టీ (4జీ మీదుగా మాట్లాడే పద్ధతి) మీదే. మీ ఫోన్ డేటా లాగుతున్నా, ఆ నెట్‌వర్క్ మీద వోల్టీ పనిచేయకపోతే కాల్ వెళ్లదు. దానికి తోడు ఇండియా మోడళ్లలో కొన్నింటికి ఇక్కడ గోడలు దాటే తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు 12, 13, 71 ఉండవు. బయల్దేరే ముందే *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబర్) తీసుకుని, మీరు వాడబోయే నెట్‌వర్క్ కంపెనీ సైట్లో పెట్టి చూసుకోండి. ఫోన్ వల్ల వచ్చిన ఇబ్బందిని నెట్‌వర్క్ మీద వేసి ప్లాన్లు మార్చుతూ పోయినవాళ్లని చాలామందిని చూశాను.

స్పీడ్ గురించి మనవాళ్లు అనవసరంగా ఎక్కువ టెన్షన్ పడతారు. హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు, వీడియో కాల్‌కి అంతకంటే తక్కువే సరిపోతుంది. 5 ఎంబీపీఎస్ అంటే గంటకి దాదాపు 2.25 జీబీ ఖర్చు, ఆ లెక్కన మీకు నెలకి ఎంత డేటా కావాలో మీరే వేసుకోవచ్చు. ఇంట్లో, కాలేజీలో వైఫై ఉంటే చాలామందికి నెలకి 5 నుంచి 10 జీబీ మించదు. స్పీడ్‌లో నిజంగా అడగాల్సింది ప్రయారిటీ. టవర్ మీద రద్దీ ఉన్నప్పుడు ఖరీదైన ప్లాన్ వాళ్లని ముందు పంపించి, చవక ప్లాన్ వాళ్లని వెనక్కి పెడతారు. ఒకే టవర్, ఒకే ఫోన్, అయినా మధ్యాహ్నం క్యాంపస్‌లో అందరూ ఫోన్ తీసే వేళకి పక్కవాడికి వీడియో ఆడుతుంది, మీకు చక్రం తిరుగుతుంది. ఊరి చివర రద్దీ లేని చోట ఉంటే ఈ తేడా మీకు తెలియనే తెలియదు, అక్కడ చవక ప్లానే తీసుకోండి.

'అన్‌లిమిటెడ్' అన్న మాట కింద చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి. కొన్నింట్లో ఇన్ని జీబీలు దాటాక స్పీడ్ 128 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే ఒక 4 ఎంబీ ఫొటో రావడానికి నాలుగు నిమిషాల పైనే. వీడియో 480పీ దగ్గర ఆగిపోయే ప్లాన్లున్నాయి, హాట్‌స్పాట్ అసలు లేనివీ, ఉన్నా నత్తనడక నడిచేవీ ఉన్నాయి. ఇంటి నెట్ పోయిన రోజు హాట్‌స్పాట్ మీద ఆఫీసు మీటింగ్ పెట్టుకుందాం అనుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. 2024 నుంచి కంపెనీలు మొబైల్ డేటా ప్లాన్లకి కూడా ఎఫ్‌సీసీ చెప్పిన పద్ధతిలో ఒక లేబుల్ చూపించాలి, తినే ప్యాకెట్ మీద ఉండే పోషకాల పట్టీలాగే ఉంటుంది. ధర, ఫీజులు, మామూలుగా వచ్చే స్పీడ్, డేటా పరిమితి ఒకే చోట ఉంటాయి. రెండు లేబుల్స్ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ఇక ధర. నెల ధర చూడొద్దు, పన్నెండు నెలలకి జేబులోంచి పోయే మొత్తం చూడండి. ఉదాహరణకి ఒక ప్లాన్ మొదటి మూడు నెలలు 15 డాలర్లు, తర్వాత 25 అనుకోండి, ఏడాదికి 270 అవుతుంది. ఇంకొకటి మొదటి నుంచీ 20 డాలర్లు, ఏడాదికి 240. ప్రకటనలో 15 కనిపిస్తుంది, తక్కువ పడేది మాత్రం 20. పైన పన్నులు, ఫీజులు ఉంటాయి, అవి రాష్ట్రాన్ని బట్టి మారతాయి, ఇల్లినాయ్‌లో బాగా ఎక్కువ, ఐడహోలో తక్కువ. యాక్టివేషన్ ఫీజు ఉందేమో అడగండి. ఆటోపే తగ్గింపు చాలాచోట్ల డెబిట్ కార్డో బ్యాంకు ఖాతానో ఇస్తేనే వస్తుంది, క్రెడిట్ కార్డుకి రాదు. పోస్ట్‌పెయిడ్‌కి క్రెడిట్ హిస్టరీ చూస్తారు, కొత్తగా వచ్చినవాళ్లకి అది ఉండదు కాబట్టి డిపాజిట్ అడగొచ్చు. మొదటి ఏడాది ప్రీపెయిడే మేలు, అందులోనూ మొదటి రెండు మూడు నెలలు నెలనెలా కట్టేది. ఇల్లు మారొచ్చు, ఊరే మారొచ్చు, ఏడాది డబ్బు ఒకేసారి ముందే కట్టేయకండి. చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకీ అంతే.

నలుగురు రూమ్మేట్లు కలిసి ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటే ఒక్కొక్కరికి బాగా తక్కువ పడుతుంది, నిజమే. కానీ అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో మీ నంబర్ వాళ్ల చేతిలో ఉన్నట్టే. మాకు తెలిసిన ఒక అమ్మాయి అలాగే ఒక ప్లాన్‌లో ఉంది. అకౌంట్ ఉన్నతను ఉద్యోగం వచ్చి వేరే రాష్ట్రం వెళ్లాడు, బ్యాంకులో కార్డు మారింది, బిల్లు కట్టడం మర్చిపోయాడు. ఈ అమ్మాయి లైన్ ఆగిపోయింది. బ్యాంకు లాగిన్‌కి, యూనివర్సిటీ లాగిన్‌కి ఓటీపీలన్నీ ఆ నంబరుకే. నంబర్ వేరే కంపెనీకి తీసుకెళ్దామంటే ట్రాన్స్‌ఫర్ పిన్ అకౌంట్ ఉన్నవాళ్లే తీసివ్వాలి, అతను దొరికేసరికి వారం. ఎవరి తప్పూ కాదు, కానీ పది డాలర్లు మిగులుతాయని ఇంత పెద్ద విషయాన్ని ఇంకొకరి మీద వదిలేయకండి. కలిసి ఉండాల్సి వస్తే, బయటికి వెళ్లేవాళ్లు వెళ్లే నెలకి ముందే ఎవరి నంబర్ వాళ్లు విడదీసుకోండి.

మీ ఇండియా నంబర్ని వదలొద్దు, ఆధార్ ఓటీపీ, బ్యాంకు ఓటీపీ దానికే వస్తాయి. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి, ఇక్కడ దిగాక ఆ సిమ్ మీద డేటా రోమింగ్ ఆపేయండి, వ్యాలిడిటీ అయిపోకుండా రీచార్జ్ చేస్తూ ఉండండి. ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజులు వాడకం లేకపోతే నంబర్ పోవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14 మోడల్ నుంచి సిమ్ ట్రే లేదు. ఇక్కడ ఫోన్ కొనే ఆలోచన ఉంటే ఇండియా సిమ్‌ని అక్కడుండగానే ఈ-సిమ్‌గా మార్పించుకోండి, ఇక్కడికి వచ్చాక అది పెద్ద తలనొప్పి.

నెట్‌వర్క్ నచ్చకపోతే మారండి, నంబర్ మీతో తీసుకెళ్లే హక్కు ఇక్కడ 2003 నుంచి ఉంది. కాకపోతే పాత లైన్ మీరు ముందే క్యాన్సిల్ చేయకండి. అలా చేస్తే నంబర్ పోతుంది. పాత కంపెనీ నుంచి అకౌంట్ నంబర్, ట్రాన్స్‌ఫర్ పిన్ తీసుకుని కొత్త కంపెనీకి ఇవ్వండి, నంబర్ అటు వెళ్లాక పాత లైన్ దానంతట అదే ఆగిపోతుంది.

ఎంత చూసినా ఏ నెట్‌వర్కూ అందని గదులు కొన్ని ఉంటాయి. అక్కడ వైఫై కాలింగ్ (టవర్ బదులు వైఫై మీదుగా కాల్స్ వెళ్లే పద్ధతి) ఆన్ చేసుకోండి, నా బేస్‌మెంట్ గదికి చివరికి అదే దిక్కయింది. ఆన్ చేసేటప్పుడు ఫోన్ ఒక ఎమర్జెన్సీ అడ్రస్ అడుగుతుంది, ఏదో ఒకటి కొట్టి పంపేయకండి. వైఫై మీద 911కి చేస్తే వాళ్లకి కనిపించేది ఆ అడ్రసే కావచ్చు. అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా సరిగ్గా ఇవ్వండి, ఇల్లు మారితే అదే రోజు మార్చండి.