"చాలు" అనేది ఇంట్లోవాళ్లే చెప్పాలి

అమ్మలూ,

నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచన. "టీచర్లంతా బాగా చదువుతోందనే అంటున్నారు పెద్దమ్మా, మరి మా పాప రాత్రి పన్నెండింటిదాకా ఎందుకు కూర్చుంటోంది?" అని అడిగావు. అప్పటికి ఏదో సర్దిచెప్పాను గానీ అది జవాబు కాదు. మీ పాప చదివేలాంటి ఆడపిల్లల ప్రైవేటు స్కూళ్లలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను, కొన్నేళ్లు హాస్టల్ కూడా చూసుకున్నాను. అక్కడ తెలుసుకున్నది రాస్తున్నాను, నీకు పనికొచ్చింది తీసుకో.

ముందు పాప పక్కన కూర్చుని నోట్సు చూపించమను. మార్కులు కాదు, నోట్సు. హెడ్డింగులు ఒక రంగు, పాయింట్లు ఇంకో రంగు, స్కేలు పెట్టి కొట్టిన గీతలు, ఎక్కడా ఒక్క కొట్టివేత లేకపోవడం చూసి మురిసిపోకు. పేజీ మీద వేలు పెట్టి తడుము. చెరిపి చెరిపి కాగితం పలచబడిన చోట్లు తెలుస్తాయి. కుట్టు దగ్గర విప్పి చూడు, చించేసిన పేజీల మొదళ్లు కనిపిస్తాయేమో.

నా క్లాసులో ఇలాగే ఒకమ్మాయి ఉండేది. ఒక్క అక్షరం తప్పు పడినా పేజీ చింపి మొత్తం మళ్లీ రాసేది. నేనేం చేశానో తెలుసా? ఆ పుస్తకాన్ని క్లాసంతా తిప్పి, నోట్సంటే ఇలా ఉండాలని చూపించాను. ఆ ఏడాది చివరి పరీక్షలో ఆ పిల్ల మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. రాయడం, కొట్టేయడం, మళ్లీ కొత్త షీటు అడగడం. గంట కొట్టేసరికి సగం పేపరు ఖాళీ. ఆ హాల్లో ఇన్విజిలేటర్‌ని నేనే. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

టెన్షన్ ఎక్కువైతే కొందరు పిల్లలు పుస్తకం విసిరికొడతారు, వాళ్లను పట్టుకోవడం తేలిక. మీ పాపలాంటి వాళ్లు ఇంకాస్త గుండ్రంగా రాస్తారు. కంప్లయింట్ లేదంటే పిల్ల బాగున్నట్టేనని మా టీచర్లం అనుకుంటాం. చాలా దేశాల పిల్లల చదువును పోల్చి చూసే పిసా అనే సర్వే ఒకటుంది, 2015లో అందులో పదిహేనేళ్ల పిల్లల్ని ఇదే అడిగారు. బాగా చదువుకున్నా సరే పరీక్షంటే చాలా కంగారుగా ఉంటుందని ఓఈసీడీ అనే కూటమిలోని దేశాల్లో (ఎక్కువగా సంపన్న దేశాలే) 64 శాతం అమ్మాయిలు చెప్పారు, అబ్బాయిలు 47 శాతం. చదవకపోవడం వల్ల పుట్టే భయమైతే చదివితే పోతుంది. ఇది ఆ రకం కాదు, ఇంకా చదవమంటే పెరుగుతుంది.

స్కూల్లో అందరూ "ఇంకొంచెం" అనేవాళ్లే. లెక్కల టీచర్‌కి తనిచ్చిన హోంవర్కు అరగంటదే. సైన్సు టీచర్‌దీ అంతే. ఆరుగురివీ కలిపితే ఎంతవుతుందో లెక్క చూసేవాళ్లు స్టాఫ్ రూమ్‌లో ఎవరూ ఉండరు, నేనూ చూడలేదు. దాని మీద డిబేట్, నాటకం, స్పోర్ట్స్, హౌస్ కెప్టెన్ పదవి. ఆడపిల్లల స్కూల్లో మైకు పట్టుకునేదీ, టీమును నడిపేదీ ఆడపిల్లే. ఆ మంచిని నేను కాదనను. కానీ ఆడపిల్లల స్కూలైనంత మాత్రాన చదువు దానంతటది పెరిగిపోదు. 21 దేశాల్లో దాదాపు 16 లక్షల మంది పిల్లల వివరాలు కలిపి చూసి 2014లో ఒక పరిశోధన వేశారు. అందులో పకడ్బందీగా చేసిన అధ్యయనాల వరకు చూస్తే, ఆడపిల్లలకీ మగపిల్లలకీ విడివిడిగా ఉండే స్కూళ్లకూ కలిసి చదివే స్కూళ్లకూ పెద్ద తేడా ఏమీ తేలలేదు. ఇంత ఫీజు కడుతున్నాం కదా అని పాప నెత్తిన ఇంకో బరువు పెట్టకు.

అందుకే "చాలు" అనేది నువ్వే చెప్పాలి. ఒక టైము పెట్టుకో, ఆ టైముకి పుస్తకం మూసేయాల్సిందే. మిగిలిపోయిన హోంవర్కుకి డైరీలో నువ్వే ఒక లైను రాసి సంతకం పెట్టు: "నిద్ర టైము అయిందని నేనే ఆపించాను." అలాంటి లైనున్న పిల్లని నేనెప్పుడూ తిట్టలేదు. తల్లి మీద కాస్త సణుక్కున్నానేమో, అంతే.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది. ఈ వయసులో నిద్ర రావడమే కాస్త ఆలస్యమవుతుంది, అది ఒంటి గడియారం చేసే పని, బద్ధకం కాదు. పొద్దున బడి టైము మనం మార్చలేం కాబట్టి కోత పడాల్సింది రాత్రి చదువులోనే.

మరి చదువు వెనకబడదా అంటావు. అందంగా ఎత్తి రాయడం మానేస్తే సగం టైము అక్కడే మిగులుతుంది. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే పాఠం మళ్లీ మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. పాప కూడా పుస్తకం మూసి, రఫ్ కాగితం మీద గుర్తున్నంత గీకాలి. వంకర రాత, కొట్టివేతలు, సగం మాటలు ఎలా ఉన్నా ఫర్లేదు. తర్వాత పుస్తకం తెరిచి వదిలేసింది ఏమిటో చూసుకోవాలి. మొదటి వారం ఏడుస్తుంది. ఏడవనీ.

ర్యాంకు సంగతి పాపతో సూటిగా మాట్లాడు. క్లాసులో సగం మంది పాత స్కూళ్లలో ఫస్టు వచ్చినవాళ్లే. అందరూ ఒకచోట చేరాక ఎవరో ఒకరికి ముప్ఫయ్యో ర్యాంకు రాక తప్పదు. పిల్లకి మాత్రం తనే మొద్దు అయిపోయానని అనిపిస్తుంది. ఇక ఆ పేరెంట్స్ గ్రూపు మ్యూట్‌లో పెట్టు, నీకే ప్రశాంతం.

స్కూలుకి వెళ్లి ఒత్తిడి ఎక్కువైందని అంటే తల ఊపి పంపించేస్తారు. రెండు వారాలు ఏ సబ్జెక్టు ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి అయిపోయింది అని రాసి, ఆ కాగితం క్లాస్ టీచర్ ముందు పెట్టు. ఒకసారి ఒక తల్లి నా ముందు అలాగే పెట్టింది. మర్నాడే నా హోంవర్కు సగానికి తగ్గించాను.

ఏదో ఒకటి మానిపించాల్సి వస్తే పాపకి సరదాగా ఉన్నదాన్ని తీసెయ్యకు. చాలా ఇళ్లలో ట్యూషన్ ఉంచి ఆట తీసేస్తారు. మార్కులు వెయ్యని పని ఒక్కటైనా ఉండాలి.

టిఫిన్ బాక్సు నిండుగా తిరిగొస్తున్నా, నెలసరి తప్పుతున్నా, ఎండాకాలంలో కూడా చేతులు కనబడకుండా పొడుగు చేతుల బట్టలే వేసుకుంటున్నా, నేను లేకపోతే బాగుండు లాంటి మాట ఒక్కసారి వినబడినా నా ఉత్తరం పక్కన పడేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. పరీక్షలు అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. ఊరికే అలసటగా ఉంటోందంటే రక్తపరీక్ష చేయించు, ఈ వయసు ఆడపిల్లల్లో ఐరన్ తక్కువ కావడం మామూలే.

ఒక మాట, కోపం తెచ్చుకోకు. మొన్న నువ్వు ఫోన్ చేసింది రాత్రి పదకొండున్నరకి, వెనకాల ల్యాప్‌టాప్ టకటకలు వినిపిస్తూనే ఉన్నాయి. పాప పక్కగదిలోనే ఉందన్నావు.

ఒకపక్క వాడేసిన కాగితాలు నా దగ్గర బోలెడు ఉన్నాయి, కట్ట కట్టి పంపిస్తున్నాను. రెండోపక్క ఎలా కావాలంటే అలా గీకి, నలిపి పారెయ్యమను. దాచుకోవద్దని గట్టిగా చెప్పు.

నీ పెద్దమ్మ